అనసూయకు కావలసిన ఈగలు

చెన్నూరు కల్లు మండువకు ఆడవాళ్ళు రావడం వింతేమీ కాదు. కానీ ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిలో భూతద్దం పట్టుకుని, కల్లు మాత్రం వద్దంటూ వచ్చిన ఆడమనిషిని కొండల్ అదే మొదటిసారి చూడటం.

పియుసి చదివి, తండ్రి లచ్చయ్యకు తోడుగా మండువ చూసుకుంటున్నాడు కొండల్. ఆమె కళ్ళు అతనికి చూడగానే నచ్చాయి. ఆమె అడిగిన మాట మాత్రం అస్సలు నచ్చలేదు.

"మీ లొట్టీల మీద ఈగలు బాగ ఉంటయా?"

కిందటి నెలలోనే పక్క ఊళ్ళో ఒక మండువను ఈగలున్నాయని హెల్తు ఇన్‌స్పెక్టర్లు మూయించారు. అక్కడి కల్లు కుండలన్నీ పగలగొట్టారని కూడా విన్నాడు.

"ఒక్కటి గూడ లేదు మేడం. మా దగ్గర సఫాయి మస్తుంటది."

"ఒక్కటి గూడ లేదా?" ఆమె ముఖం వాడిపోయింది.

లంచం దొరకదని దిగులు కాబోలనుకున్నాడు కొండల్. "కావాలంటే లోపటికి వచ్చి చూడుండ్రి."

"ఇప్పుడొద్దు. రేపు పొద్దుగాల సామాను పట్టుకొని వస్త. అప్పుడు జర మంచిగ చూస్త."

సామాను అంటే సీలు, లక్క, పంచనామా కాగితం అయ్యుంటుందని కొండల్ భయపడ్డాడు. ఆమె గడప దాటిందో లేదో ఇంటిల్లిపాదినీ పనిలోకి దింపాడు. లొట్టీల అడుగున పేరుకున్న మడ్డినంతా గీరి పెరటి గుంతలో పారబోశారు. కడిగిన లొట్టీలకు లోపలా బయటా సున్నం పూశారు. మూతులకు తడిగుడ్డలు కట్టారు. చివరికి వేపాకు పొగ కూడా పెట్టారు.

"నా పెండ్లికి గూడ ఇంత సఫాయి చెయ్యలేదుర," అంటూ తల్లి చంద్రవ్వ నడుం పట్టుకుని కూర్చుంది.

తెల్లవారి ఆమె వచ్చింది. సంచీ నిండా గాజు సీసాలు, ఒక్కో సీసాలో మక్కపిండీ బెల్లమూ కలిపి వండిన ముద్ద. తెల్లగా మెరిసిపోతున్న లొట్టీలను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఎవరు కడుగమన్నరు వీటిని?"

"మీరే గద మేడం, ఈగలున్నయా అని అడిగింది."

"ఉన్నయా అని అడిగిన. తీసెయ్యిమన్ననా?"

"హెల్తోళ్ళు ఇంకెందుకు అడుగుతరు మరి?"

"నేను హెల్తా?" ఆమెకు నవ్వొచ్చింది. కానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. అక్కడున్న బల్ల మీద కూలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కొండల్ గబగబా చెంబుతో నీళ్ళు తెచ్చాడు.

"మేడం, కొంచెం నీళ్ళు తాగుండ్రి. అసలు సంగతేందో చెప్పుండ్రి."

సంగతి చెప్పింది. పేరు అనసూయ. పెద్దపల్లి నేతవాళ్ళ బిడ్డ. జంతుశాస్త్రంలో పిహెచ్‌డి అయింది. కలకత్తాలో ఒక సంస్థవాళ్ళు పరిణామ శాస్త్రంలో పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్ ఇస్తామన్నారు. రెండేళ్ళు. కానీ ఉన్నది ఒక్కటే సీటు. ఇంతవరకూ ఎవరూ పరిశీలించని గోదావరి ఒడ్డు నుంచి బతికున్న ఈగలు తెస్తేనే ఆ సీటు ఆమెది, లేకపోతే ఇంకొకరిది. మంచిర్యాలలో ఆమె రైలు ఈ సాయంత్రమే.

"ఈగల మీద గంత చదువా?" అన్నాడు కొండల్.

"మనుషులల్ల ఒక తరం మారాలంటే ఇరువై ఏండ్లు పడ్తది. కల్లు మీద, పండ్ల మీద వాలే ఈ చిన్న ఈగకు పది పన్నెండు రోజులు చాలు. తరతరానికి ఏం మారుతుందో మన కండ్లతోటే చూడొచ్చు."

"మరి ఈగలు దొరకకుంటే?"

"కరీంనగర్ కాలేజీల నౌకరి ఉన్నది. పోయి అండ్ల చేరుడే."

అబద్ధమెందుకు, కొండల్‌కు లోపల సంతోషం వేసింది. కరీంనగర్ ఎంత దూరమని, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికల్లా వెళ్ళొచ్చు. కలకత్తా ఎటువైపు ఉంటుందో కూడా అతనికి సరిగ్గా తెలియదు.

అనసూయ ఈగల్లేని సీసాలను సంచీలో సర్దుకుంటోంది. ఏ సీసా పగలకుండా మధ్యమధ్య గుడ్డ ముక్కలు పెడుతోంది. ఎంత ఆశతో తెచ్చుకుందో ఆ సర్దడంలోనే తెలుస్తోంది. అది చూశాక కొండల్ నోరు ఊరుకోలేదు.

"ఆగుండ్రి మేడం. మీ ఈగలు ఎటు పోలే. మడ్డంత పెరట్ల గుంతల పోసినం. అన్ని అండ్లనే ఉంటయి."

అనసూయ లేచి నిలబడింది. అప్పుడే పెంకుల మీద టపటపా చినుకులు మొదలయ్యాయి. మొదటి వాన. గుంత నిండితే మడ్డీ మిగలదు, ఈగా మిగలదు. కొండల్ చిలక్కొయ్యకున్న గొంగడి లాక్కుని పెరట్లోకి ఉరికాడు. సీసాలతో అనసూయ వెనకే పరుగెత్తింది.

గుంత మీద చిన్న ఈగలు పొగలా ముసిరి ఉన్నాయి. కొండల్ గొంగడిని రెండు చేతులతో పందిరిలా ఎత్తి పట్టుకున్నాడు. దాని కింద అనసూయ గొంతుక్కూర్చుని సీసా బోర్లించింది.

"కదలకుండ్రి, బెదురుతయి."

"ఈగలా, మీరా?"

అనసూయ తలెత్తి చూసి, నవ్వు దాచుకుని, ముద్ద వాసనకు ఈగలెక్కిన సీసా మూతికి దూది బిగించింది. భూతద్దంలోంచి లోపలికి చూసి, "ఎర్ర కండ్లు. ఇవే," అంది.

"మేం పొగ పెట్టినందుకు ఎర్రబడ్డయేమో."

"పుట్టుకతోనే ఎర్రగుంటయి." ఆమె అదే అద్దాన్ని అతని ముఖం వైపు తిప్పింది. "మీ కండ్లు గూడ ఎర్రగున్నయి."

"నావి మాత్రం పొగకే."

వాన పెరిగింది. గొంగడి తడిసి బరువెక్కింది. అయినా కొండల్ దించలేదు. చివరి సీసాకు కూడా దూది పెట్టాక అనసూయ పెద్దగా ఊపిరి వదిలింది.

"ఒక మాట చెప్త, కోపానికి రావద్దు," అన్నాడు కొండల్. "ఈ గుంత సంగతి చెప్పకపోతే మంచిగుండు అనిపించింది నాకు."

"ఎందుకు?"

"ఈగలు దొరకకుంటే మీరు కరీంనగర్ల ఉంటరు గద."

అనసూయ ముక్కు మీద ఒక వానచుక్క ఆగి ఉంది. దాన్ని తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

"మరెందుకు చెప్పిండ్రు?"

"మీ మొఖం చూడలేకపోయిన."

"ఆ పిల్లను నానవెడుతున్నవేందిర కొండల్?" ఇంట్లోంచి చంద్రవ్వ కేక వేసింది.

బస్సు దాకా సంచీని కొండల్ తనే మోశాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. "సెలవులు ఉంటయా మేడం, నడిమిట్ల?" అన్నాడు ఎటో చూస్తూ.

"ఫెలోషిప్‌ల సెలవులు ఉండయి."

కొండల్ తల ఊపాడు. బస్సు కదలబోతుండగా అనసూయ కిటికీలోంచి వంగింది.

"ఒక్కసారి పట్టుకపోతే ఈగ మారిందా లేదా ఎట్ల తెలుస్తది కొండల్ గారు? చలికాలం ఒకసారి, ఎండకాలం ఒకసారి గిదే జాగకు వచ్చి పట్టాలె. రెండేండ్లు. రైలు కిరాయి గూడ వాళ్ళే ఇస్తరు."

"ఈ ముక్క ముందుగాల చెప్తే నా పానం కుదుటపడేది గద."

"ముందుగాల మీ సంగతి నాకేం తెలుసు?"

వారం తిరక్కుండా కలకత్తా నుంచి టెలిగ్రాం వచ్చింది. ఈగలు క్షేమం, సీటు దొరికింది, దీపావళి దాటాక వస్తున్నాను అని. కొండల్ దాన్ని తల్లికి చదివి వినిపించాడు. అనసూయ వెళ్ళాక మొదటిసారి కొడుకు ముఖం తేటపడటం చంద్రవ్వ చూసింది.

"ఈగలు పట్టనీకి గంత దూరంకెళ్ళి వస్తదా ఆ పిల్ల?"

"వస్తదవ్వా."

"అయితే వాళ్ళ అవ్వబాపులను గూడ తోల్కరమ్మని రాయి. ఈగల సంగతి మీరు మాట్లాడుకోండ్రి. తక్కిన సంగతి మేం మాట్లాడుకుంటం."