దీపం దించని నుయ్యి

మిట్టమధ్యాహ్నం. గంజాం ఊరవతల సరుగుడు తోటలో పాత నుయ్యి. కొలిస్తే ఇరవై అడుగులు, అడుగున మోకాల్లోతు నీళ్లు. అంతే.

కార్బన్ డయాక్సైడ్ వాయువుని కిలోమీటరు లోతున రాళ్లలోకి ఎక్కించి దాచే పరిశోధన పద్మినిది. పద్దెనిమిదేళ్ల చాకిరీ. దాచింది పైకి రావడం లేదని రుజువు చేయడానికి చుట్టుపక్కల నూతుల్లో పరికరాలు వేలాడదీసింది. ఈ నూతిలోది మూడు రోజులుగా పలకడం లేదు. రేపే భువనేశ్వర్ నుంచి పెద్దవాళ్ల తనిఖీ.

ఇంకెవరు దిగుతారు? మేనమామ తవిటయ్యే. నాన్న సముద్రంలో పోయాక ఆమెని పెంచి, బరంపురం కాలేజీలో వేసిన మనిషి. నూతులు బాగుచేయడంలో చెయ్యి తిరిగినవాడు.

“ముందల దీపం దించి సూడాలే, గుంటా,” అన్నాడు మేనకోడలితో, మొలకి తాడు బిగించుకుంటూ.

“మీటరెట్టి సూసేను మావా, గాలి బాగుంది. బేగి దిగు.”

చూసిన మాట నిజమే. గట్టు మీద నిలబడి చూసింది! ఆ వాయువు గాలికంటే బరువు, అడుగునే పేరుకుంటుందని ఊరూరా తిరిగి చెప్పిన మనిషి. ఏమనాలి ఆ తొందరని?

పద్మినీ, డ్రైవరు శ్యామూ తాడు మెల్లగా వదలసాగారు. పది అడుగులు. ఇరవై. నీళ్ల చప్పుడు లేదు. సోడా బుడ్డి తీసినట్టు పుల్లటి వాసన మాత్రం ముక్కుకి తగిలింది.

“ఇంకా దించే,” అంది మావ గొంతు.

ముప్పై... నలభై...

“మేడమ్,” శ్యామ్ గుసగుసలాడాడు, “ఈ నుయ్యి ఇంత లోతు లేదు.”

గొంతు మాత్రం దూరం కావడం లేదు. గట్టు పక్కనే నిలబడి మాట్లాడుతున్నట్టుంది.

పద్మిని తాడు శ్యామ్‌కి అప్పగించింది. మావ తెచ్చుకున్న లాంతరు వెలిగించి, వేరే తాడుతో దించింది. రెండు బారలు దిగిందో లేదో... ఆరిపోయింది.

దీపం బతకని చోట మనిషెలా మాట్లాడుతున్నాడు?

“మావా! వచ్చీ మావా!”

“ఏటే ఆ కంగారు? ఇక్కడ సానామంది ఉన్నారే...”

లాగారు. అరచేతులు చీరుకుపోయేలా లాగారు. తాడు చివర మావ వచ్చాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఒళ్లు మంచుగడ్డ. ఊపిరి లేదు.

శ్యామ్ ఆయన గుండె మీద నొక్కి నొక్కి వదిలేశాడు. “పోయి చాలాసేపైంది, మేడమ్.”

“నానే సంపేసేను మావా... నానే...” ఆయన తల ఒళ్లో పెట్టుకుని గొల్లుమంది పద్మిని.

అప్పుడు నూతిలోంచి...

“తాడు తీసేసేవేటే, గుంటా?”

మావ గొంతే. ఒళ్లో ఉన్న మావ పెదాలు కదల్లేదు.

“మళ్లీ దించే...”

శ్యామ్ వెనక్కి చూడకుండా పరుగు తీశాడు. పద్మినికీ పారిపోవాలనే ఉంది. కానీ... ఆ గొంతే అసలు మావ అయితే? ఇంకా పైకి తెచ్చుకోగలిగితే?

శవం నడుముకున్న ముడి విప్పింది. తాడు నూతిలోకి వదిలింది.

కాసేపటికి తాడు బిగిసింది. ఒక్క మనిషి బరువు కాదది.