వెనక్కి చాచిన అరచెయ్యి

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకే నానమ్మ టీవీ ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. "కోడలా, ఆ పొయ్యి కట్టేసి రా! మొదలైపోతుంది!"

"ఇంకా అరగంట ఉంది అత్తయ్యా," అంటూనే కోడలు మూడోసారి గడియారం చూసింది. బొమ్మలాడించడం ఆమె వృత్తి. పదింటికి టీవీలో వచ్చే పిల్లల సినిమాలో నీలిబొచ్చు మాయజీవి బొమ్మ లోపల దూరి, ఏడు నెలలు దాన్ని నడిపించింది ఆమే. ఎవరు మెచ్చుకున్నా మానినా, ఎనిమిదేళ్ల కూతురు మెచ్చుకుంటే చాలనుకుంది. ఆ పిల్లని ఇంట్లో అందరూ పిడుగు అనే పిలుస్తారు.

సినిమా మొదలైంది. ఆ జీవి వంక ఎవరైనా చూస్తే పారిపోతుంది. స్నేహం కావాలంటే వీపు తిప్పి కూర్చుని, అరచెయ్యి వెనక్కి చాచి, ఓపిక పట్టాలి.

పిడుగు సోఫా మీద గంతులేసింది. "అమ్మా! లోపల ఉన్నది నువ్వే కదా? నువ్వే!"

అంతలో తెర మీద ఉరిమింది. మాయజీవి బెదిరిపోయి, పాదం మీద పాదం వేసుకుని, చెవి కొస నోట్లో పెట్టుకుంది.

నానమ్మ పకపకా నవ్వింది. "అచ్చం మన పిడుగే! ఉరిమితే జడ కొస నోట్లోకి పోవాల్సిందే!"

పిడుగు గంతులు ఆగిపోయాయి. "నన్ను చూసి నేర్చుకున్నావా?"

"నీ అంత ముద్దుగా ఎవరు భయపడతారే?" అంది తల్లి.

"ఆ వానరోజు ఉరుములకి నేను భయపడుతుంటే నువ్వు దగ్గరికి రాలేదు. తలుపు దగ్గర నిలబడి చూశావు. నాకు తెలుసు."

నిజమే. ఆ కాసేపూ తల్లి కళ్లు పిల్ల పాదం ఎటు వంగిందో చూశాయి. పిల్ల భయం వాటికి కనిపించలేదు.

"రేపు బళ్లో అందరూ నవ్వుతారు!" గది తలుపు ధడాలున మూసుకుంది.

"నా నోరు పడిపోను," అని నానమ్మ నాలుక కరుచుకుంది.

తల్లి తలుపు తోసింది. మంచం మూల నుంచి అరుపు: "నన్ను చూడకు!"

"చూడను."

ఆమె నేల మీద వీపు తిప్పి కూర్చుని, అరచెయ్యి వెనక్కి చాచింది. "దగ్గరికి తీసుకోవాల్సినప్పుడు చూస్తూ నిలబడ్డాను. తప్పు నాదే తల్లీ."

చాచిన చెయ్యి నొప్పితో లాగేస్తోంది. ఆమె కదల్లేదు.

"ఒసేయ్, అది ఎగురుతోందే!" హాల్లోంచి నానమ్మ కేక. "రండే!"

మంచం కిర్రుమంది. తడిసిన జడ కొస ఒకటి అరచేతిలో గిలిగింత పెట్టింది. దాని వెనకే చిన్న చెయ్యి.

"ఎగరడం కూడా నా దగ్గరే నేర్చుకున్నావా?"

"లేదు. అది నా సొంతం."

"అయితే పద, అయిపోతుంది!" పిడుగు ఆమెను లాగుతూ గుమ్మం దగ్గర ఆగింది. తల్లి ఇంకా తల పక్కకే తిప్పుకుని ఉంది.

"ఇప్పుడు చూడొచ్చులే అమ్మా."