గుజిరీ బ్రేకు

ఐజాక్‌కు ఒక అలవాటు ఉండేది. గుజిరీలో పాత సామాను ఏది కొన్నా, "ఆ బండిలో మనిషి పోయినాడా?" అని అడిగేవాడు. పోయినాడంటే ఆ సామాను ఊరికే ఇచ్చినా ముట్టేవాడు కాదు. రాయదుర్గంలో తోటి మెకానిక్కులంతా ఈ మాట చెప్పుకుని నవ్వుకునేవాళ్లు.

ఈసారి మాత్రం అడగలేదు. కూతురు జాయ్ గుమ్మఘట్ట ఆసుపత్రిలో నర్సు. రోజూ డ్యూటీకి పోయే ఆమె హైబ్రిడ్ కారులో, బ్రేకుకు ప్రెషరిచ్చే యూనిట్టు చచ్చి కూర్చుంది. కొత్తది కొనే తాహతు లేదు, పాతది దొరకడం గగనం. మూడు నెలలు వెతగ్గా బెంగళూరులో ఒక్కటి దొరికింది. అడిగితే గుజిరీవాడు నిజం చెప్పేస్తాడేమోనని భయపడి, నోరు మూసుకుని తెచ్చుకున్నాడు. అవసరం ముందు ఎంతటి పట్టింపైనా నిలవదు మరి.

మధ్యాహ్నం రెండింటికి యూనిట్టు బిగించి, బ్రేకు గొట్టాల్లో గాలి తీయడానికి తన షెడ్డులో కారు కిందున్న గుంతలోకి దిగాడు. అది ఇద్దరు చేసే పని. పైన సీట్లో జాయ్ పెడల్ తొక్కాలి. కింద ఇతను చక్రం దగ్గర నట్టు వదులు చేస్తే ఆయిలుతో పాటు గాలి బుడగలు వచ్చేస్తాయి. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. గుంతంతా ఆయిలు వాసన.

"తొక్కు."

"తొక్కినా నాయనా."

"వదులు."

అలా మూడు చక్రాలయ్యాయి. నాలుగోదాని దగ్గరికి జరిగేసరికి కరెంటు పోయింది. ఫ్యాను చప్పుడు ఆగి, షెడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఐజాక్ చీకట్లో తడుముకుని, సెల్లు లైటు వెలిగించి తొక్కమన్నాడు.

"తొక్కినా."

గొంతు బొంగురుగా వచ్చింది. ఎండకు పిల్ల గొంతు ఆరిపోయిందేమో అనుకున్నాడు. ఆయిలు మాత్రం జోరుగా వచ్చింది, ఒక్క బుడగ లేకుండా. ప్రాణం కుదుటపడి నట్టు బిగించాడు.

"చాలు పాపా, వదులు."

పైనుంచి గుసగుస వినిపించింది. "వదిల్తే చస్తాం."

అప్పుడు చూశాడు. షెడ్డు వాకిట్లోంచి రెండు కాళ్లు నడిచి వస్తున్నాయి. జాయ్ చెప్పులు... మరి పైన ఉన్నదెవరు?

"కరెంటు పోతానే నీళ్లకు పోయింటి నాయనా. చాలంటివి కదా" అంది జాయ్. "ఒక రౌండు చూసొస్తా."

ఎక్కొద్దని చెప్పాలి. ఎంత ప్రయత్నించినా నాలుక లేవలేదు. కారు తలుపు పడింది. ఆ కారుకు ఇంజను చప్పుడు కూడా ఉండదు. చూస్తుండగానే గుంతలోకి వెలుగొచ్చింది. పైన కారు లేదు.

పడుతూ లేస్తూ గుంతలోంచి పైకొచ్చి రోడ్డుకు పరిగెత్తాడు. కారు నడిరోడ్డు మీద ఆగి ఉంది. ఒక గొర్రె అడ్డం వస్తే బ్రేకు వేసినట్టుంది. గొర్రె అవతలికి పోయింది. కారు కదల్లేదు. మిట్ట మీది నుంచి బండరాళ్ల లారీ దిగుతోంది.

"ముందుకు పోనీ పాపా..."

అద్దంలోంచి జాయ్ ముఖం పాలిపోయి కనిపించింది. "కాలు తీసేకి అయితాలేదు నాయనా. నా కాలు మీద ఎవరో కాలు పెట్టినారు."

తలుపు తీసి, చంకల కింద చేతులేసి లాగాడు. బిడ్డ అంగుళం కదల్లేదు. బలమంతా పెట్టి మళ్లీ లాగాడు. లారీవాడు హారను ఆపకుండా కొడుతున్నాడు. అంత బరువుతో వాడు మాత్రం ఎక్కడ ఆపగలడు?

మోకాళ్ల మీద కూలబడి స్టీరింగు కిందికి చెయ్యి పోనిచ్చాడు. జాయ్ ఎడమ కాలు తగిలింది. కుడికాలు తగిలింది. దాని మీద ఇంకో కాలు... బావి నీళ్లంత చల్లగా ఉంది. వేలికి మెట్టె తగిలింది.

ఐజాక్‌కు ఏడుపొచ్చేసింది. ఆ కాలిని రెండు చేతులా పట్టుకున్నాడు.

"వదులు తల్లీ. ఇది నా బిడ్డ."

ఆ కాలు కొంచెం సడలింది.

ఖాళీగా ఉన్న వెనక సీట్లోంచి ఒక పసిగొంతు సన్నగా అంది.

"వదలద్దమ్మా."