వెనక్కి నడిచిన ఏరు

"...గట్ల కాదు ప్రియాంకా! మీ అన్న అనిల్ అంతర్వేదిల పడవ మాట్లాడిండు, రూము మాట్లాడిండు, అంతా మంచిదే. పోటు ఎప్పుడెక్కుతదో అడిగిండా? అడగలే కదా! అయితే ఇది రాయి బిడ్డా. మీ సృజన అత్తకు అట్లయినప్పుడు వాడు పుణెల ఉండె, వానికి సగమే ఎరుక. ఈ తాత నిమ్మళంగ చెప్తడు, నువ్వు పుస్తకంల ఉన్నట్టు రాయి. యాడికెల్లి మొదలువెట్టాలె? ఆ... మిట్టమధ్యాహ్నం కాడికెల్లి."

మిట్టమధ్యాహ్నం! మనిషి నీడ భయపడి వాడి కాళ్ల కిందే దాక్కునే వేళ!

రుద్రారం మీద ఎండ కాగిన నూనెలా కారుతోంది. రోడ్డు మీద బస్సు చప్పుడు కూడా లేదు. నర్సింగ్ కొత్తగా కట్టుకున్న ఇంట్లో అందరూ చాప మీద కూర్చుని పడవ షికారు గురించి మాట్లాడుకుంటున్నారు. ఒక్క ముఖంలోనూ సంబరం లేదు...

షికారు అన్నది చుట్టాలకు చెప్పుకునే మాట. అసలు సంగతి గోడవార మంచం మీద పడి ఉంది. నర్సింగ్ భార్య సృజన! కళ్లు తెరిచే ఉన్నాయి, రెప్ప పడటం లేదు. గృహప్రవేశమైన మర్నాటి నుంచీ ఇదే వరస. సూర్యుడు నడినెత్తికి వస్తే చాలు, ఆమె గొంతులోంచి ఎవరో ముసలి మగవాడు నవ్వేవాడు. ఎందరు డాక్టర్లు చూసినా జబ్బేదో తేలలేదు. మనిషి మాత్రం పుల్లలా ఎండిపోతోంది.

అత్త బీరమ్మ ఆమె అరికాళ్లు రుద్దుతూ కూర్చుంది. ఎడమ కాలి వేలు బోడిగా ఉంది. ఆ మెట్టె గృహప్రవేశం నాడే పోయింది. బీరమ్మ మోరీ కాలువ దాకా వెతికినా దొరకలేదు.

"మంజీర ఏట్ల పనిగాదు," అన్నాడు శివశంకర్. ముత్తంగి గోదాముల వెనక రేకుల షెడ్డులో ఉండే మంత్రగాడు. జనం స్వామి అంటారు. ఈ ఇంటి గుమ్మానికి గుమ్మడికాయ కట్టింది అతనే. "మంజీరకు కట్ట అడ్డమున్నది. నేనిడిసిన వస్తువు ఆగకుంట సముద్రంల కలవాలె. దానెంట ఆమెను పట్టినోడు పోతడు. అదే తిరిగొచ్చి ఇడిసినోన్ని ముట్టుకున్నదా... వాన్నే మింగుతది!"

"గోదారికే పోదాం స్వామీ," అన్నాడు నర్సింగ్. "అంతర్వేది కాడ సముద్రంల కలుస్తది. ఫ్యాక్టరీల లీవు అడుగుత. కారు కిరాయికి మాట్లాడుత."

"అమావాస్య నాడు. నడినెత్తి మీద సూర్యుడుండంగ."

నర్సింగ్ అంతర్వేదిలో పడవ నడిపే నరేష్‌కు ఫోన్ చేశాడు. అందరికీ వినబడేలా పెట్టాడు.

"అమావాస్యకాండీ? అయితే మధ్యాహ్నమే ఎక్కేయండి. అప్పటిదాకా పాటండి, నీరు సముద్రంలోకి లాగేస్తది. పొద్దు వాలితే పోటెక్కుద్దండి. అమావాస్య పోటు మరీ ఉరవడి. ఏరు వెనక్కి నడుస్తదండి!"

కిష్టప్ప, అదే బీరమ్మ పెనిమిటి, కండువాతో మూతి కప్పుకుని నవ్వాడు. "ఏరు ఎనక్కి నడుస్తదట! పుట్టినకాడికెల్లి మంజీరను సూస్తున్న, ఒక్కపారన్న ఎనక్కి సూడలే అది!"

"నీళ్లకు కాళ్లున్నయా పెద్దయ్యా?" అన్నాడు మంత్రగాడు. ఆ ఇంట్లో చాలా రోజులకు నలుగురూ నవ్వారు.

అయిదో నవ్వు మంచం మీద నుంచి వచ్చింది!

బండరాళ్లు దొర్లినట్టు మగగొంతు... "పోదాం... అందరం పోదాం... ఒక్కరిని ఆడ్నే ఇడిసొద్దాం!"

సృజన కూతురు చిన్న హర్షిణి కెవ్వుమంది. బీరమ్మ పిల్లను కొంగులో దాచుకుంది.

"నువ్వు తాత కాడుండు బిడ్డా. మీ అమ్మను నవ్వుకుంట తోల్కొస్త."

"ఒట్టు వెయ్యి నాయినమ్మా."

బీరమ్మ ఒట్టు వేసింది.

*

అమావాస్య! అంతర్వేది రేవులో వశిష్ఠ గోదావరి నిండా బురద రంగు నీళ్లు సముద్రం వైపు ఉరుకుతున్నాయి. మడచెట్ల చీకట్లో, పట్టపగలే, గుడ్లగూబ కూసింది!

"నా సంచి ఎవ్వలు ముట్టొద్దు," అన్నాడు మంత్రగాడు దారిలో ఎన్నోసారో. "ముట్టిన్రా, ఆమె నెత్తురు కక్కుకుంటది."

ఎవరూ ముట్టలేదు. గాలే ముట్టింది. సముద్రం మీద నుంచి విసురుగా వచ్చి సంచి మూతిని లేపింది. పక్కనే కూర్చున్న బీరమ్మ చూసింది.

పుర్రె! దవడ చుట్టూ ఆడమనిషి వెంట్రుకలు... ఖాళీ కంటి గుంతలో తళుక్కుమంటూ... వెండి మెట్టె!

బీరమ్మ గుర్తుపట్టింది, అది కోడలి మెట్టె. గుమ్మడికాయ కట్టిన చెయ్యే మెట్టె ఎత్తుకుపోయింది! దయ్యాన్ని పంపినవాడే దయ్యాన్ని వదిలిస్తానంటున్నాడు. సముద్రంలోకి పోయేది దయ్యం కాదు... తన కోడలి ప్రాణం! ఆ ప్రాణం మింగి వీడు ఏ శక్తి సంపాదిస్తాడో!

అరుద్దామంటే కొడుకు నమ్మడు. స్వామి పాదాల కిందే ఉన్నాడు వాడు. పుర్రె పగలగొడదామంటే కోడలి నెత్తురు కళ్లచూడాలి. ఏం చెయ్యను తల్లీ, ఏం చెయ్యను... అనుకుంటుండగా చెవిలో నరేష్ మాట మోగింది.

*ఏరు వెనక్కి నడుస్తదండి!*

తిరిగొచ్చి వదిలినవాణ్నే ముట్టుకుంటే... ఆ మాట అన్నది మంత్రగాడే కదా!

బీరమ్మ లేచింది. రేవు పక్కన మూడు రాళ్లు పెట్టింది. తెచ్చుకున్న కొత్త కుండ ఎక్కించింది.

"ఏంది పెద్దవ్వా అది?"

"బోనం. గంగమ్మకు ముట్టజెప్పకుంట నేను నీళ్లల్ల కాలువెట్ట, నా కోడలిని వెట్టనియ్య."

"యాల దాటిపోతది!"

"మా ఇండ్లల్ల గట్లనే నడుస్తది స్వామీ. గంగమ్మకు కోపమొస్తే నీ మంత్రం ఆపుతదా?"

నర్సింగ్ కూడా అమ్మ వైపే తల ఊపాడు. ఎంత స్వామి చెప్పినా బోనం లేకుండా నీళ్లు దాటడమా! మంత్రగాడు పళ్లు కొరుక్కున్నాడు.

పొయ్యి రాజుకోవడం లేదు. ఎలా రాజుకుంటుంది? బీరమ్మ కొంగు చాటున కట్టెల మీద నీళ్లు చిలకరిస్తోంది.

"అమ్మగారూ, ఉడికిందాండీ?" అని కేకేశాడు నరేష్.

"కట్టె పచ్చిది బిడ్డా. మీ ఊరి కట్టెకు మా ఊరి అగ్గి ఆనుతలేదు!"

ఆమె చూపు కుండ మీద లేదు. నీళ్ల మీద ఉంది. గుర్రపుడెక్క మొక్కొకటి సముద్రం వైపు ఉరుకుతోంది... మెల్లగా పోతోంది... ఆగింది. ఊపిరి బిగబట్టినట్టు ఏరంతా నిలబడిపోయింది. తర్వాత ఆ మొక్క, పిలిస్తే వచ్చినట్టు, వెనక్కి కదిలింది!

"అయింది. పాండ్రి," అంది బీరమ్మ. పసుపు, కుంకుమ, మెతుకులు నీళ్లలో వదిలింది. "అవ్వా, నీ నడక నాకు ఎరుకలేదు. నా కోడలిని నీ ఒళ్లె పెడుతున్న."

నడి ఏట్లో నరేష్ లంగరు వేశాడు. ఆకాశం నల్లబడింది. ఫెళఫెళమంటూ పిడుగు సముద్రం మీద పడింది! వేళ దాటినా మళ్లీ అమావాస్య దాకా ఆగలేక మంత్రగాడు ముందుకొసన నిలబడి, పుర్రెను అరటిబోదె మీద పెట్టి, సముద్రం కేసి విసురుగా తోశాడు.

"పో! ప్రాణమా, పో...!"

సృజన విల్లులా వంగింది. "అత్తమ్మా...!" ఆ ఒక్క పిలుపుతో ఊపిరి ఆగింది. నర్సింగ్ గుండెలు బాదుకున్నాడు.

బోదె నాలుగు బారలు పోయింది. ఆగింది. అక్కడే చుట్టూ తిరిగింది. పుర్రె ముఖం పడవ వైపు వచ్చింది...

వస్తోంది!

"ఏందిది? నీళ్లు... నీళ్లు ఇటెందుకొస్తున్నయ్?" మంత్రగాడు గెడతో పొడిచాడు. బోదె పక్కకు జరిగి మళ్లీ వచ్చింది. పొడిచాడు. మళ్లీ వచ్చింది! "జల్దీ నడుపు! పడవ జల్దీ నడుపు!"

"లంగరు లేవట్లేదండీ! పోటు పట్టేసింది!"

సముద్రమంత బలం ఏటిని వెనక్కి తోస్తోంది. దాని ముందు మంత్రమెంత! బోదె పడవకు కొట్టుకుంది. పుర్రె ఎగిరి మంత్రగాడి రొమ్మున పడింది. ఇన్నాళ్లూ సృజన గొంతులో నవ్విన ముసలివాడు ఇప్పుడు మంత్రగాడి గొంతులోంచే నవ్వాడు...

"వచ్చిన బిడ్డా... నీ కాడికే వచ్చిన!"

"వద్దు...! వద్దు...!"

పెద్ద అల లేచింది. అల దిగేసరికి పడవ ముందుకొస ఖాళీగా ఉంది!

వాడి శవం సముద్రంలో దొరకలేదు. చాలా ఎగువన, మడచెట్ల వేళ్లలో, కళ్లు తెరుచుకుని దొరికింది.

పడవలో సృజన రెప్ప వేసింది. ఎన్నాళ్లకో రెప్ప వేసింది! బీరమ్మ ముఖం తడిమి, సొంత గొంతుతో అడిగింది:

"అత్తమ్మా... హర్షిణి అన్నం తిన్నదా?"

"...గంతే బిడ్డా. ఇది ఫోన్ల మీ అన్నకు చదివి ఇనిపియ్యి. పడవ ఎక్కొద్దని చెప్తలేను, పిల్లగాండ్లను తీస్కొని మంచిగ పొమ్మను. ఎక్కేముందు పోటు అడగమను, గంగమ్మకు ఇంత పసుపు కుంకుమ ఇడువమను. ఏరు ఎనక్కి నడుసుడేంది తాతా అని వాడు నవ్వుతడు. నవ్వితే ఆగి, మల్ల మొదటికెల్లి చదువు... ఆ దినం నేను గూడ నవ్విన."