గోరువెచ్చని తూటా

"టార్గెట్ జడ్జి మిలుతిన్. రేపు పొద్దున కోర్టు మెట్లెక్కుతాడు. ఎక్కకూడదని సరిహద్దు అవతలి ముఠా కోరిక," అన్నాడు కల్నల్ వుకాషిన్. "కాల్చేవాడు గ్వోజ్డెన్. ఏ ఇంట్లోంచో తెలీదు. నువ్వు వాళ్ల మనిషివేగా, వెళ్లు. తెలియగానే వైర్‌లెస్‌లో చెప్పు."

"చెప్పలేకపోతే?"

"జడ్జి పోతాడు. నీ సంగతి నేను చెప్పాలా తల్లీ?"

స్తామెన రెండేళ్లుగా ఆ ముఠాలో వియన్నా దొరసానిగా చెలామణీ అవుతోంది. నక్కతోలు కోటు, ఎర్రటి లిప్‌స్టిక్, జీతం మాత్రం కల్నల్ దగ్గర. ఆ దర్జా అంతా ఆ రాత్రి గ్వోజ్డెన్ దాగిన ఇంటి గడప దగ్గరే దిగిపోయింది. కాపలావాడు హ్యాండ్‌బ్యాగ్ లాక్కుని తన దగ్గరే పెట్టుకున్నాడు. వైర్‌లెస్ అందులోనే, పౌడర్ డబ్బాలో ఉంది. వాడు దాని మూత తీస్తే తన పని సరి. ఆమె ఖాళీ చేతులతో మెట్లెక్కింది.

అటక మీద గ్వోజ్డెన్ తూటాలు కూరుస్తున్నాడు. ఫ్యాక్టరీ తూటా అంటే అతనికి ఎంగిలి కూడు. తుపాకి మందు రవ్వరవ్వగా త్రాసులో రాల్చి, ఇత్తడి గొట్టంలో పోసి, గుండు బిగించి, ఒక్కొక్కటీ పసిబిడ్డలా పడుకోబెడుతున్నాడు.

"ఊపిరి అటు తిప్పుకో అమ్మాయ్. ముల్లు ఊగుతోంది."

ఆమె అసలు ఊపిరే బిగబట్టింది.

పని అయ్యాక తూటాల పెట్టెను కిటికీ బయట మంచులో పెట్టాడు.

"పొయ్యి పక్కన పెట్టొచ్చుగా అన్నా?"

"ఆడుకునే గోళీలా? ఈ చలిలోనే గురి కుదిర్చాను. వెచ్చబడితే మందు రెచ్చిపోతుంది, గుండు పైకి లేస్తుంది. లోయ దాటేసరికి జానెడు తేడా."

స్తామెన మనసులో లెక్క వేసింది. అతను ఛాతీకి గురిపెడితే ఆ జానెడు జడ్జిని కాపాడదు, గొంతులో దిగుతుంది.

"ఎక్కడ కొడతావ్?" అంది, గోళ్లు చూసుకుంటూ.

"నుదురు. ఛాతీ కొడితే డాక్టర్లకి పని చెప్పినట్టు."

పొద్దున గ్వోజ్డెన్ కింద జున్ను పొరల గిబనిత్స తింటుంటే, ఆమె కోటు జేబులోంచి వేటగాళ్లు చేతులు కాచుకునే బొగ్గు డబ్బీ తీసి, పెట్టెలో తూటాల నడుమ పెట్టింది.

"నువ్వు తినవా?" కాపలావాడు మెట్ల మీంచి అరిచాడు.

"ఆకల్లేదు."

అది మాత్రం నిజమే. అడుగుల చప్పుడు వినబడగానే డబ్బీ జేబులో వేసుకుని, పెట్టె మీద మళ్లీ మంచు చల్లింది.

గ్వోజ్డెన్ రైఫిల్ ముందు కూర్చున్నాడు. దూరంగా కోర్టు ముందు కారు ఆగింది. గ్లవ్ చేత్తో మొదటి తూటా తీసి పెదాల దగ్గరికి తెచ్చుకున్నాడు. ముద్దుపెట్టుకోనిదే కాల్చడు. ఆ అలవాటు సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు; పెదాలకు తగిలితే వేడి తెలిసిపోతుంది.

"ముందు ఇది తాగు. చెయ్యి వణక్కుండా ఉంటుంది," అంటూ పొయ్యి మీది గిన్నెలో కాగుతున్న రకియా సారా కప్పులో ముంచి అతని నోటికి అందించింది.

"నీ చెయ్యే వణుకుతోంది," అని నవ్వి గుక్కెడు తాగాడు. నోరు చుర్రుమంది. కాలిన పెదాలతోనే తూటాని ముద్దాడి, రైఫిల్లో వేసి పేల్చాడు.

లోయ అవతల జడ్జి మెట్ల మీద బోర్లా పడ్డాడు. స్తామెన కిటికీ చట్రం పట్టుకుంది. పాకుతూ స్తంభం వెనక్కి పోతున్న ఆ మనిషిని చూశాక గానీ దాన్ని వదల్లేదు.

"పైకి పోయింది," అన్నాడు గ్వోజ్డెన్ మెల్లగా. గ్లవ్ తీసి రెండో తూటాను వేలితో తాకాడు. ఆమె వైపు తిరిగాడు.

"నా తూకంలో తప్పు లేదు."

తూటా రైఫిల్లోకి వెళ్లింది. గొట్టం ఇటు తిరుగుతుండగానే ఆమె రకియా గిన్నె ఎత్తి అతని మొహాన కొట్టింది. రెండో గుండు ఇంటి కప్పులోంచి పోయింది. వీధి వీధీ గాలిస్తున్న వుకాషిన్ మనుషులకు ఆ రెండు మోతలూ చాలు. కింద తలుపు విరిగింది. వాళ్లు వచ్చేదాకా ఆమె ఖాళీ గిన్నెను రెండు చేతులా పట్టుకునే నిలబడింది. చేతిలోంచి దాన్ని లాగడానికి ఇద్దరు కావలసి వచ్చారు.

మధ్యాహ్నం జడ్జి ఆమెను పిలిపించాడు. పొడుగాటి గొర్రెతోలు టోపీకి పడ్డ చిల్లులోంచి వేలు ఆడిస్తున్నాడు.

"తూటాలు వేడి చేసింది నువ్వేనటగా?"

"అవునండీ."

"ఇంకాస్త వేడి చేసుంటే టోపీ కూడా దక్కేది కదమ్మా."