ఆవిడ పన్ను, ఆయన భయం

మందుల షాపాయన భార్య పొద్దున్నే రొట్టెముక్క పాలలో నానబెట్టుకుని, ఎడమ దవడతో మెల్లగా నములుతోంది. కుడివైపు నాలుగు రోజులుగా ఒకటే సలుపు. తగ్గిందా అని ఆయన అడిగితే, తగ్గిందని తలూపింది. ఆయన రెండు మాత్రలు బల్లమీద పెట్టి, మాస్కు తగిలించుకుని షాపుకి పరిగెత్తాడు. ఆ హడావుడిలో ఫోను మర్చిపోయాడు.

ఆవిడది పదేళ్లనాటి జబ్బు. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటిమీద తిరగబడుతుంది. నోట్లో తడి ఊరదు, పళ్లు ఇట్టే పుచ్చిపోతాయి. అందుకే మూడు నెలలకోసారి పళ్ల డాక్టరుకి చూపించుకోవాలి. ఆ జబ్బుకి వేసుకునే మందులేమో రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. అలాంటి మనిషికి ఈ మహమ్మారి రోజుల్లో గడప దాటాలంటేనే గుండెల్లో దడ. ఇక మాస్కు తీసి, నోరు తెరుచుకుని కూర్చోవడమంటే చెప్పక్కర్లేదు. క్లినిక్ ఇంకా తెరవలేదని ఆయన చెప్పినప్పుడల్లా, పన్ను లాగుతున్నా సరే, హమ్మయ్య అనుకునేది.

తొమ్మిదిన్నరకి ఫోను మోగింది. ఇంటినుంచే ఆఫీసు పని చేసుకుంటున్న కూతురు తీసింది. అవతల పళ్ల క్లినిక్ అమ్మాయి. ఇప్పటికి మూడుసార్లు వాయిదా వేశారు, ఈసారైనా అమ్మగారు వస్తారా అని అడిగింది. క్లినిక్ తెరిచి నాలుగు నెలలైందట. ఇలాంటి జబ్బులున్నవాళ్లకి పొద్దున మొదటి గంట విడిగా ఉంచుతున్నారట. కూతురు మర్నాటికి ఖాయం చేసి, తల్లికి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన ఆయన్ని కూతురు నిలదీసింది. ఆయన ముందు దబాయించాడు. ముప్ఫై ఏళ్ల అనుభవం, వీధిలో సగంమందికి తనే డాక్టరు, పంటినొప్పికి ఏ మాత్ర వెయ్యాలో తనకి తెలీదా అన్నాడు. రోజూ దగ్గేవాళ్ల ఎదురుగా నిలబడుతున్నవాణ్ణి, జబ్బు ఎలా అంటుకుంటుందో తనకంటే ఎవరికి తెలుసన్నాడు.

"అక్కణ్ణుంచి రోజూ ఇంటికే వస్తున్నావుగా నాన్నా," అంది కూతురు.

ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఆ మాట ఆయనకి ఒక్కసారీ తట్టలేదు మరి. అంతవరకూ ఆవిడ పెదవి విప్పలేదు. విప్పితే నొప్పి.

"నాకెందుకు చెప్పలేదు?" అనడిగింది చివరికి.

"చెబితే వెళ్తానంటావని."

"వెళ్లేదాన్నో, భయపడి మానేసేదాన్నో. నోరు నాది, పన్ను నాది. నన్నొక్క మాట అడగాలనిపించలేదా మీకు?"

ఆయన సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. సాయంత్రం షాపులో ఎవరో పంటినొప్పికి మాత్ర అడిగితే, ఇవ్వడానికి మొహం చెల్లక, డాక్టరుకి చూపించుకోమని పంపేశాడు.

మర్నాడు క్లినిక్‌లో కిటికీలన్నీ తీసి ఉన్నాయి. మొహానికి అద్దంలాంటి తొడుగు పెట్టుకున్న డాక్టరమ్మ ఆవిడ నోరు చూసి నిట్టూర్చింది. లోపల చీము పట్టిందంది. ఆవిడ వాడే మందులకి అది రక్తంలోకి పాకితే ప్రాణం మీదికొచ్చేదంది. నాలుగు నెలల కిందట వచ్చుంటే సిమెంటు పెట్టి సరిచేసేదాన్ని, ఇప్పుడు పన్ను తీసెయ్యక తప్పదని చెప్పింది.

"ఇన్నాళ్లూ ఎందుకు రాలేదమ్మా?"

ఆవిడ గుమ్మంలో నిలబడ్డ భర్త వైపు ఒకసారి చూసింది.

"నాకే భయమేసిందండీ. ఈయన రమ్మంటూనే ఉన్నారు."

నలుగురిలో తిట్టిపోసినా ఆయన అంత సిగ్గుపడేవాడు కాదు. పరాయి మనిషి ముందు తన పరువు పోకుండా, ఆ వాచిన దవడతోనే అబద్ధం చెప్పింది. నిన్న తనేమో ఒక్క మాట ఒప్పుకోవడానికి కిందా మీదా పడ్డాడు. ఊరుకుంటే ఇక్కడితో అయిపోతుంది. ఊరుకోలేకపోయాడు.

"కాదండీ. ఆవిడకసలు తెలీదు. క్లినిక్ తెరవలేదని అబద్ధం చెప్పి నేనే ఆపేశాను. ఇంట్లో కూర్చోబెట్టి నా షాపు మాత్రలు మింగించాను. ఈ పన్ను నా మూలానే పోతోంది."

డాక్టరమ్మ మత్తు సూది సిద్ధం చేసుకుంటూ, ఆయన్ని బయట కూర్చోమంది. ఆయన తలొంచుకుని వెనక్కి తిరిగాడు.

"ఉండనివ్వండి డాక్టరుగారూ," అంది ఆవిడ. "నాకు నిజంగానే భయమేస్తోంది."

ఆయన వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. పన్ను ఊడొచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాడు.