మెట్ల కింద రంపపు పొట్టు

"ఈ కార్ఖానాకి ఓనరు ఎవరండీ?"

రంపం మోతలో అతనికి ఆ మాట వినబడలేదు. మళ్ళీ అడిగినా వినబడలేదు. ఈసారి మాటకు బదులు ఒక చెయ్యి వచ్చి గోడ మీది స్విచ్ కట్టేసింది.

అతను ఉలిక్కిపడి తిరిగి చూశాడు. గుమ్మంలో ఒక అమ్మాయి. పసిబిడ్డను ఎత్తుకున్నంత జాగ్రత్తగా ఆమె చేతుల్లో ఒక తెల్లటి పట్టు గౌను. దాని మీద జల్లెడ పట్టి చల్లినట్టు గోధుమరంగు పొడి.

"రేపు డెలివరీ," అంది. "కిటికీ దగ్గర తగిలించి, మంచినీళ్ళు తాగి వచ్చేసరికి ఇదీ సంగతి!"

అతను కళ్ళజోడూ, మాస్కూ తీశాడు. తలంతా పొట్టు. కళ్ళ చుట్టూ, ముక్కు మీద మాత్రమే మనిషి కనబడుతున్నాడు. ఆమె పెదవులు వణికాయి. అది ఆపుకున్న నవ్వని అతనికి తెలియదు. ఏడుస్తుందేమోనని హడలిపోయి తడిగుడ్డ అందుకున్నాడు.

"సారీ అండీ, ఒక్క నిమిషంలో తుడిచేస్తాను."

"పట్టు మీద తడిగుడ్డా!"

ఆ కేకకి వంటింట్లోంచి అతని తల్లి పరుగెత్తుకొచ్చింది. "మా చెక్కపురుగు ఏం చేశాడమ్మా?"

వారం రోజులంతా ఒక ఆఫీసులో కూర్చుని ఇళ్ళ ప్లాన్లు గీస్తాడతను. సాయంత్రాలూ సెలవులూ మాత్రం ఇంటి వెనక కారు షెడ్డులో చెక్కలతోనే కాపురం. తల్లి ఆ పేరు పెట్టింది అందుకే. ఈ అమ్మాయి టైలరు. మోకాలి ఆపరేషనైన తండ్రితో ఈమధ్యే వాళ్ళ పై వాటాలో అద్దెకి దిగింది.

ఆ సాయంత్రం అతను గౌను పట్టుకుని నిలబడితే, ఆమె మెత్తటి బ్రష్షుతో ఒక్కో నలుసూ దులిపింది.

"ఇక మీదట ఒక్క నలుసు బయటికి రాదండీ," అన్నాడు.

"చూద్దాం."

మాట నిలబెట్టుకోవడానికి అతను తలకిందులయ్యాడు. పొట్టును ఆమె కిటికీ వైపు ఊదుతున్న ఫ్యాను పీకేశాడు. రంపం మూతికి వాక్యూమ్ గొట్టం బిగించాడు. చీపురుతో రేపడం మానేసి, నేలంతా ఆ గొట్టంతోనే పీల్చడం మొదలుపెట్టాడు. పోగైన పొట్టు పెరట్లో పెడితే గాలికి లేస్తుందని గోనెసంచిలో కుక్కి, మూతి బిగించి, మెట్ల కిందికి తోసేసేవాడు.

ఆమె తనిఖీకి వచ్చేది. బల్ల మీద వేలు రాసి, వెలుతురులో చూసుకునేది.

"ఎన్ని మార్కులు?"

"పాస్. అంతే. ఎగరకండి."

చెక్కకి నూనె పట్టించడానికి పాత గుడ్డలుంటే ఇవ్వమని ఒకసారి అడిగాడు. మర్నాటి నుంచి సంచెడు గుడ్డ ముక్కలతో దిగడం మొదలుపెట్టింది. ముక్కలిచ్చి వెళ్ళడానికి గంట పట్టేది. ఆ గంట గడిచాక షెడ్డు బోసిపోయేది. తనకేం జరుగుతోందో చెక్కపురుగుకి అర్థమైంది. చెప్పడానికే నోరు రాలేదు.

అందుకని చెక్కతో చెప్పాలనుకున్నాడు. ఆమె నేల మీద వంగి గుడ్డ కత్తిరించి, సాయంత్రానికి నడుం పట్టుకుని లేస్తుంది. ఆమె ఎత్తుకి సరిపడా కటింగ్ టేబుల్ ఒకటి రహస్యంగా చేశాడు.

ఆ సెలవురోజు పొద్దున్నే దానికి అవిసె నూనె పట్టించాడు. షెడ్డు అద్దంలా కనబడాలని, నూనె తుడిచిన గుడ్డలన్నీ పొట్టు సంచి మధ్యలోకి తోసి, మూతి కట్టి, మెట్ల కింద పెట్టాడు. టేబుల్ కాళ్ళకి చక్రాలు కొనడానికి ఈల వేసుకుంటూ బజారుకి వెళ్ళాడు.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి గేటు దగ్గరే పొగ.

మెట్ల కింది నుంచి నల్లటి పొగ పైకి ఎగబాకుతోంది. ఆమె ఆ సంచిని మూతి పట్టుకుని పెరట్లోకి ఈడుస్తోంది. పై మెట్టు మీద ఆమె తండ్రి, రెయిలింగు పట్టుకుని దగ్గుతూ, దిగలేక నిలబడిపోయాడు. అంతలో సంచి పిగిలింది. లోపలికి గాలి తగిలి మంట భగ్గుమంది. ఆమె చెయ్యి విదిల్చుకుని వెనక్కి పడింది.

అతని కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి. చేతిలోని చక్రాలు జారి రోడ్డు మీదికి దొర్లిపోయాయి.

"నిలబడతావేంట్రా! నీళ్ళు!" తల్లి అరిచింది.

అప్పుడు కదిలాడు. పైపు లాగి మంటలార్పాడు. మెట్ల అడుగంతా మసి. కరెంటు తీగల మీది ప్లాస్టిక్ కరిగి బొట్లుబొట్లుగా వేలాడుతోంది.

"ఎవడో సిగరెట్టు పారేసుంటాడు," అన్నాడు పక్కింటాయన.

అతను తడిబూడిదను కర్రతో కెలికాడు. సగం కాలిన గుడ్డ ముక్క బయటపడింది.

"సిగరెట్టు కాదు. నేనే," అన్నాడు. "ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి పెడితే వాటంతటవే వేడెక్కుతాయి. నూనె డబ్బా మీద రాసే ఉంది. నేను పొట్టులో కుక్కాను."

"నిప్పు లేకుండానే అంటుకుందా?" అడిగింది ఆమె.

"నిప్పు లేకుండానే."

ఆమె బొబ్బలెక్కిన అరచేతిని చూసుకుంది. తర్వాత పై మెట్టు వైపు చూసింది. "మా నాన్న దిగలేరని మీకు తెలుసు," అంది.

మర్నాడు ఆమె తండ్రి ఇల్లు ఖాళీ చేస్తామని కబురు పెట్టాడు. అతను షెడ్డుకి తాళం వేశాడు. తల్లి పెట్టిన అన్నం కంచంలోనే ఎండిపోయింది.

రెండో రోజు షెడ్డు ముందు ఆమె. చేతికి కట్టు.

"తాళమెందుకు వేశారు?"

"మానేశాను. ఇక రంపం ముట్టుకోను."

"నేను మానేయమన్నానా? కళ్ళు మూస్తే పొగ కనబడుతోంది. మీ మీద బోలెడు కోపముంది. ఆ కోపం పోవాలంటే సరిచేసి చూపించండి. తాళం వేసుకుని కూర్చుంటే నాకేం ఒరుగుతుంది?"

అతను తాళం తీశాడు. వారం తిరక్కుండా పెరటి చివర, గోడలకు దూరంగా, మూతున్న ఇనప డ్రమ్ము వెలిసింది. ఇక పొట్టంతా అందులోకే. నూనె గుడ్డలకి తీగ కట్టాడు. వాటిని ఒక్కొక్కటీ విడివిడిగా ఆరేసి, బాగా ఆరాక నీళ్ళ డబ్బాలో ముంచాలి. మెట్ల కింద ఖాళీ.

తనిఖీకి వచ్చిన ఆమె, షెడ్డు మూల దుప్పటి కప్పిన టేబుల్ చూసింది. దుప్పటి లాగింది. అప్రయత్నంగా చెయ్యి ఆనించింది. సరిగ్గా నడుం ఎత్తు.

"ఎవరిది?"

"మీదే. దీనికి నూనె పట్టిస్తూనే ఆ రోజు... అడగాల్సిందొకటి ఉండింది. ఇప్పుడు అడిగే మొహం లేదు. ఆ గుడ్డ ముక్కలు మిమ్మల్ని అడక్కపోయినా బాగుండేది."

ఆమె తల వంచుకుంది. "టైలరు దగ్గర వేస్టు గుప్పెడు మిగిలితే ఎక్కువ. రోజూ సంచెడు ఎక్కణ్ణుంచి వస్తాయనుకున్నారు?"

"ఎక్కణ్ణుంచి?"

"మంచి దుప్పటి. రెండు కర్టెన్లు. అవి అయిపోతే మా నాన్న నీలం చొక్కా. ఊరికే కిందికి వస్తే బాగోదని కత్తిరించాను. అడిగే మొహం మీకు లేకపోతే నాకుంది. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

అతనికి చెవులు మూసుకుపోయినట్టయింది.

"నా నీలం చొక్కానా!"

ఇద్దరూ గిర్రున తిరిగారు. గుమ్మంలో ఆమె తండ్రి. ఒక చేతిలో కర్ర, రెండో చెయ్యి అతని తల్లి భుజం మీద. ఇంటి తాళాలు అప్పగించడానికి దిగాడు.

"ఇల్లంతా వెతికించావు కదే! చాకలి పారేశాడన్నావు!"

"నాన్నా..."

ఆయన జవాబు వినలేదు. కర్ర తాటించుకుంటూ పెరటి చివరికి నడిచాడు. డ్రమ్ము మూత ఎత్తి చూశాడు. తీగ మీది గుడ్డలు లెక్క చూస్తున్నట్టు ఒక్కొక్కటీ తాకాడు. మెట్ల కిందికి వంగబోయి, మోకాలు నొప్పి పుట్టి ఆగాడు.

"మళ్ళీ అంటుకుంటే?"

"అంటుకోనివ్వను అంకుల్," అన్నాడతను. "అంటుకున్నా, ముందు మిమ్మల్ని కిందికి దించాకే ఇంకేదైనా. ఆ రోజు బొమ్మలా నిలబడిపోయాను. అది మర్చిపోలేను."

ఆయన అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఇంతకీ ఖాళీ చేస్తున్నట్టేనా అన్నయ్యగారూ?" తల్లి బెరుగ్గా అడిగింది.

"చేస్తాం. పై వాటా మాత్రమే. ఈ మోకాలితో నేనెక్కలేను. మా పిల్ల ఎలాగూ కిందికే వచ్చేస్తానంటోంది. నాక్కూడా ఒక గది చూడండి."

"ఎవరొస్తారు? ఎక్కడికి?" తల్లి బుగ్గలు నొక్కుకుంది. "ఇంత జరుగుతుంటే నాతో ఒక్కరైనా చెప్పరేం? ఒరేయ్, నువ్వయినా పలకవేంట్రా!"

అతను నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాడు.

కట్టు లేని చేత్తో ఆమె అతని గడ్డం కింద తట్టింది.

"నోరు మూసుకోండి," అంది. "మాస్కు కూడా లేదు."